బుల్లబ్బాయి చిరునామా

గురువారం పొద్దున్నే నూకరత్నం తన మెస్సు పెరట్లో కుళాయి తిప్పితే నీళ్ళకు బదులు గాలి వచ్చింది. ఆ గాలి కూడా కాసేపు బుస్సుమని, తర్వాత మానేసింది. వీధి మొదట్లో ఉన్న వాల్వును ముందురోజు ఏదో మరమ్మతు కోసం కట్టేశారు, మళ్ళీ తెరవడం మరిచిపోయారు. ఆ సంగతి ఆవిడకు క్షణంలో అర్థమైంది. ఏళ్ళ తరబడి ఆ వీధిలోనే వంట చేస్తున్న మనిషి. రెండు చుట్లు తిప్పితే నీళ్ళు వచ్చేస్తాయి.

మామూలు రోజుల్లో అయితే ఇదొక విషయమే కాదు. కానీ ఆదివారం హెడ్మాస్టరు గారి షష్టిపూర్తి. ఊరంతా భోజనాలకు వస్తోంది. వంట నూకరత్నానిది. పొగడలంకలో వంట చేసేవాళ్ళ పరువు ఒకే ఒక్క చోట పోతుంది, విస్తరి ముందు. కూర్చున్నవాడు పులుసు కోసం తలెత్తి చూసి, అది రాకపోతే, ఆ సంగతి వాడి మనవల దాకా చెబుతాడు. పైగా పక్క వీధిలో కొత్తగా కేటరింగ్ పెట్టినవాళ్ళు నూకరత్నం ఎప్పుడు జారుతుందా అని కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నారు. శనివారం సాయంత్రానికి నీళ్ళు రాకపోతే ఆవిడ గరిటె అటక మీద పెట్టుకోవాల్సిందే.

అందుకని కొంగు బిగించి పురపాలక సంఘం ఆఫీసుకు బయల్దేరింది. ఫిట్టరు బుల్లబ్బాయి మెట్ల కింద బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటున్నాడు.

"ఒరే బుల్లబ్బాయ్, లేరా. మా వీధి వాల్వు తిప్పాలి."

"రాకూడదక్కా. పేరు మీద రావాలి," అన్నాడు బుల్లబ్బాయి.

"నీ పేరు పెట్టే కదరా పిలుస్తున్నాను?"

"ఇలా కాదు. లోపల కౌంటర్లో నా పేరు అడగాల. వాళ్ళు నా అడ్రసు చెప్పాల. అప్పుడు నువ్వు నా దగ్గరికి రావాల."

"నీ దగ్గరే ఉన్నాను కదరా!"

"ఉన్నావులే గానీ, రాలేదు కదా," అన్నాడు బుల్లబ్బాయి జాలిగా. వాల్వు తిప్పే ఇనప కీ గొలుసుతో కట్టి ఉన్న గోడ వైపు చూపించాడు. కౌంటరు వాళ్ళు చెప్పనిదే ఆ గొలుసు తాళం తియ్యరు.

ఈ విడ్డూరం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోతే మీకు బుల్లబ్బాయి మీద కోపం వస్తుంది. పాపం, వాడి తప్పు లేదు. కమిషనర్ ఉమాకాంతం గారు కిందటి నెల ఇంటర్నెట్ మీద శిక్షణకు వెళ్ళి వచ్చారు. అక్కడ ఆయనకు డీఎన్ఎస్ అనే విద్య పరిచయమైంది. ప్రపంచంలో ప్రతి యంత్రానికీ అంకెలతో ఒక చిరునామా ఉంటుంది, ఆ అంకెలు మనుషులకు గుర్తుండవు కాబట్టి పేరు చెబితే చిరునామా ఇచ్చే ఏర్పాటు ఒకటి ఉంటుంది, అందులో రకరకాల రికార్డులు ఉంటాయి. ఇంతే సంగతి. మిగతా ఆఫీసర్లు ఈ పాఠం విని, భోజనం చేసి, నిద్రపోయారు. ఉమాకాంతం గారికి మాత్రం నిద్ర పట్టలేదు.

"కోట్లాది యంత్రాలు ఒకదాన్నొకటి తడుముకోకుండా కనుక్కుంటుంటే, గుప్పెడు మంది ఉన్న మన కార్యాలయంలో పౌరుడికి కావలసిన ఉద్యోగి ఎందుకు కనబడడు?" అని ఊరికి రాగానే సమావేశం పెట్టి అడిగారు. దానికి కారణం ఎదురుగా ఉన్న టీ కొట్టు. ఆ మాట చెప్పే ధైర్యం సమావేశంలో ఎవరికీ లేకపోయింది.

వారం తిరక్కుండా 'పురపాలక నామ పరిష్కార వ్యవస్థ' అమల్లోకి వచ్చింది. ఇక ఎవరూ ఎవరి దగ్గరికీ నేరుగా పోకూడదు. పేరు అడగాలి, చిరునామా పొందాలి, ఆ చిరునామాలో ఎవరుంటే వారే సరైన మనిషి. "వ్యవస్థ చెప్పిన చిరునామాలో ఉన్న వ్యక్తియే పౌరుడు కోరిన వ్యక్తిగా భావించబడును" అని సర్క్యులర్‌లో ఎర్ర సిరాతో గీత కూడా గీశారు. డీఎన్ఎస్‌లో స్టార్ట్ ఆఫ్ అథారిటీ అనే రికార్డు ఒకటి ఉంటుందట. అంటే ఆ పేర్లన్నిటి మీదా పెత్తనం ఎక్కడ మొదలవుతుందో చెప్పేది. ఉమాకాంతం గారికి మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. తన గది తలుపు మీద 'అధికార ఆరంభ స్థానం' అని ఇత్తడి పలక కొట్టించుకున్నారు.

నూకరత్నం కౌంటరు దగ్గరికి వెళ్ళింది. అక్కడ గుమాస్తా దమయంతి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

"ఎవరు కావాలండి?"

"బుల్లబ్బాయమ్మా. అదిగో, ఆ మెట్ల కింద."

"మెట్ల సంగతి మాకు అక్కర్లేదండి," అని దమయంతి మీటలు నొక్కింది. "బుల్లబ్బాయి అనేది మారుపేరండి. దీన్ని సీ-నేమ్ రికార్డంటారు. మారుపేరుకి సొంత అడ్రసు ఉండకూడదండి. అసలు పేరేదో చూపించడం ఒక్కటే దాని పని. అసలు పేరు వీరవెంకట సత్యనారాయణ."

ఇక్కడే వచ్చింది తంటా. ఆ చుట్టుపక్కల అన్నవరం కొండెక్కి మొక్కుకోకుండా పుట్టినవాళ్ళు తక్కువ. మొక్కుకుని పుట్టినవాళ్ళందరికీ స్వామి పేరే. పొగడలంక ఆఫీసులోనే వీరవెంకట సత్యనారాయణలు ఐదుగురున్నారు. అందుకే అక్కడ ఎవరినీ అసలు పేరుతో పిలవరు. బుల్లబ్బాయి, పెదకాపు, చంటి, అబ్బులు, దొరబాబు అంటే తప్ప పెళ్ళాలు కూడా గుర్తుపట్టరు. ఊరు ఎన్నో తరాలుగా చక్కగా విడదీసి పెట్టుకున్నవాళ్ళను కమిషనర్ గారి వ్యవస్థ మళ్ళీ ఒకే పేరు కింద కుప్ప పోసింది.

"ఆ పేరుకి ఐదు 'ఏ' రికార్డులున్నాయండి," అంది దమయంతి. "ఏ రికార్డంటే పేరుకి అడ్రసు. ఒకే పేరుకి ఎక్కువ అడ్రసులుంటే వంతులవారీగా ఇస్తాం. ఒక్కడి మీదే భారం పడకుండా. ఇప్పుడొచ్చిన వంతు, పంపు హౌసు వెనక షెడ్డు."

"అక్కడుండేది దోమల మందు కొట్టే చంటి కదమ్మా?"

"సత్యనారాయణ గారే కదండీ?"

కాదనడానికి లేదు. నూకరత్నం షెడ్డుకు పోయింది. చంటి వ్యవస్థకు కట్టుబడిన మనిషి. పేరు మీద పిలుపు వచ్చాక రానంటే మెమో ఇస్తారు. యంత్రం భుజాన వేసుకుని వచ్చి, వాల్వు వైపు ఒకసారి చూసి, అది తనకు తెలిసిన విద్య కాదు కాబట్టి తెలిసిన విద్య చూపించాడు. మెస్సులో ఇడ్లీ తింటున్నవాళ్ళు పొగలోంచి ప్లేట్లతో సహా రోడ్డు మీదికి పరుగెత్తారు. "ఒక్క దోమ ఉంటే నన్నడగండి," అని చంటి వెళ్ళిపోయాడు.

నూకరత్నం దగ్గుకుంటూ మళ్ళీ కౌంటరుకు వచ్చింది. అదే షెడ్డు చూపించింది దమయంతి.

"ఇందాకా అదే చెప్పావు కదమ్మా!"

"ఒకసారి ఇచ్చిన జవాబుకి ఆయుష్షు ఉంటాదండి. టీటీఎల్ అంటారు. ఒక పూట. ఆ పూట అయ్యేదాకా ఎన్నిసార్లడిగినా అదే జవాబు. ఊరికే మళ్ళీ మళ్ళీ వెతక్కుండా."

మధ్యాహ్నం దాకా కూర్చుని అడిగితే ఈసారి ఇంటి పన్ను విభాగంలో దొరబాబు వంతు వచ్చింది. దొరబాబు వస్తూ వస్తూ టేపు తెచ్చుకున్నాడు. మెస్సు వరండా రోడ్డు మీదికి జానెడు పొడుచుకొచ్చిందని తేల్చి, నోటీసు అంటించి పోయాడు. నీళ్ళ సంగతి అడిగితే, "నీళ్ళున్న ఇల్లయితే పన్ను ఇంకా పెరుగుద్దండి, ఆలోచించుకోండి," అన్నాడు.

శుక్రవారం పొద్దున జనన మరణాల నమోదు చూసే పెదకాపు గారు వచ్చారు. పెద్దమనిషి. గుమ్మం బయటే చెప్పులు విడిచి, మొహం వీలైనంత దిగులుగా పెట్టుకుని, "ఎవరు పోయారమ్మా?" అన్నారు.

"నీళ్ళు పోయాయండి!"

"ఎంత వయసు?"

నూకరత్నానికి తల ప్రాణం తోకకు వచ్చింది. గిన్నెలు బోర్లా ఉన్నాయి. కందిపప్పు బస్తా మూతి విప్పలేదు. రేపు రాత్రికి కూరలు తరగడం మొదలుపెట్టాలి. ఆవిడకు ఏడుపు వచ్చింది. ఏడుపు కంటే కోపం ముందు వచ్చింది కాబట్టి నేరుగా ఆఫీసుకు నడిచింది.

"చూడమ్మా దమయంతీ, ఒక్క సాయం చెయ్యి. ఆ బుల్లబ్బాయి పేరు పక్కన 'ఫిట్టరు' అని చిన్న ముక్క రాసి పెట్టు. నీకు పుణ్యముంటాది."

"దాన్ని టెక్స్ట్ రికార్డంటారండి," అంది దమయంతి. ఆమె గొంతులోనూ నిజంగానే విచారం ఉంది. "ఎవరి గురించైనా ఏదైనా రాసుకోవచ్చు. మావాళ్ళందరూ రాసుకున్నారు కూడా. దొరబాబు గారు 'మృదుభాషి' అని రాయించుకున్నారు. కానీ మారుపేరు పక్కన ఇంకే రికార్డూ ఉండకూడదండి. రూలు. బుల్లబ్బాయి అంటే సత్యనారాయణ, అక్కడితో సరి."

"పోనీ, కమిషనర్ గారికి ఉత్తరం రాసిస్తాను."

"ఉత్తరాలు ఎం.ఎక్స్. రికార్డు ప్రకారం పోతాయండి. ప్రతి వాళ్ళకీ ఒక అంకె. ఎవరి అంకె చిన్నదయితే ఉత్తరం ముందు వాళ్ళకి. వాళ్ళు దొరక్కపోతే తర్వాత అంకెకి."

"మరి చిన్న అంకె ఎవరిది?"

దమయంతి తల దించుకుంది. ఆ అంకెలు పంచిన రోజున ఆఫీసులో పెద్ద యుద్ధమే జరిగింది. చిన్న అంకె ఉన్నవాడి మీద ఉత్తరాలు పడతాయని తెలియగానే అందరూ పెద్ద అంకె కోసం పైరవీలు మొదలుపెట్టారు. ఆ రోజు సెలవులో ఉన్న పార్కు వాచ్‌మన్ అబ్బులికి అన్నిటి కంటే చిన్న అంకె దక్కింది. అప్పటి నుంచి ఊళ్ళో ఫిర్యాదులన్నీ పార్కుకే పోతున్నాయి. అబ్బులు వాటిని జాగ్రత్తగా మడిచి, ఊగే ఉయ్యాల గొలుసుల్లో చప్పుడు రాకుండా కూరుతున్నాడు.

నూకరత్నం ఇక ఎవరినీ అడగలేదు. మేడ మెట్లెక్కి ఇత్తడి పలక తోసుకుని లోపలికి పోయింది. ఉమాకాంతం గారు సావధానంగా విన్నారు. వినడంలో ఆయనకు వంక పెట్టలేం.

"అమ్మా, మీ సమస్య నామ పరిష్కార స్థాయిలో ఉంది. జల సరఫరా స్థాయిలో లేదు," అన్నారు.

"నీళ్ళు మాత్రం సరఫరా స్థాయిలోనే రావట్లేదండి."

"ఒకే నామమునకు బహుళ చిరునామాలు ఉండుట వలన ఏర్పడిన సంక్లిష్టత ఇది. సంతోషం. దీన్ని సమూలంగా నిర్మూలిస్తాను." వెంటనే దమయంతిని పిలిచి, వీరవెంకట సత్యనారాయణ అన్న పేరు మీద ఉన్న రికార్డులన్నీ తొలగించమన్నారు. ఐదుగురికీ విడివిడిగా కొత్త రికార్డులు సృష్టిస్తారు.

"అయితే ఇప్పుడు బుల్లబ్బాయి వచ్చేస్తాడా బాబూ?"

"కొత్త రికార్డు వ్యాప్తి చెందాలి కదమ్మా. సోమవారానికి చెందుతుంది."

"వ్యాప్తంటే?"

"ఈ మార్పు అందరికీ తెలియడం."

"ఓస్, అంతేనా! నేనిప్పుడే వీధి చివర నిలబడి చెప్పేస్తానండి. గంటలో ఊరంతా పాకిపోద్ది."

ఉమాకాంతం గారు చిన్నపిల్లను చూసినట్టు చూసి, "అది అనధికార వ్యాప్తి," అన్నారు.

నూకరత్నం వేళ్ళ మీద లెక్క వేసుకుంది. సోమవారం అంటే షష్టిపూర్తి అయిపోయి, ఊరు ఆవిడను ఆడిపోసుకోవడం కూడా సగం అయిపోయి ఉంటుంది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడిపోయింది. అప్పుడే కమిషనర్ గారు దమయంతితో మరో మాట అంటున్నారు. శనివారం రాష్ట్ర స్థాయి పరిశీలకుడు వస్తున్నారు. పొగడలంకకు ఆదర్శ పురపాలక సంఘం గుర్తింపు ఇవ్వాలా వద్దా అని తేల్చేది ఆయనే. ఆయన ముందు ఏ పౌరుడికీ "ఆ పేరు లేదు" అన్న జవాబు రాకూడదు.

"కాబట్టి నక్షత్ర రికార్డు పెట్టండి. వ్యవస్థలో లేని పేరు ఏది అడిగినా ఒకే చిరునామా ఇవ్వాలి."

"ఎవరిదండి?"

"నాది," అన్నారు ఉమాకాంతం గారు, కిటికీలోంచి ఊరి వైపు చూస్తూ.

నూకరత్నం ఆ మాట విని ఇంటికి పోయింది. ఆవిడ ఎవరికీ చెప్పలేదంటే నమ్మకండి. కాఫీ తాగడానికి వచ్చినవాళ్ళకు చెప్పింది. తాగి వెళ్ళినవాళ్ళు మిగతావాళ్ళకు చెప్పారు. అనధికార వ్యాప్తి రాత్రి భోజనాల వేళకల్లా పూర్తయింది.

శనివారం పొద్దున కౌంటరు ముందు వరస రోడ్డు దాకా వచ్చింది. ఒకాయన కుంభకర్ణుణ్ణి అడిగాడు. లేరు కాబట్టి కమిషనర్ గారి గదికి పంపారు. ఆయన అక్కడ తన వీధి దీపం గురించి చెప్పుకుని, దీపం వేయిస్తానన్న హామీ పుచ్చుకుని వచ్చాడు. ఒకావిడ తన గేదె పేరు అడిగింది. ఇంకొకాయన ఇరవై ఏళ్ళ కిందట పోయిన తన మావగారిని అడిగాడు. మేడ మీదికి వెళ్ళాక అలవాటు చొప్పున ఉమాకాంతం గారికి వంగి దణ్ణం పెట్టి, భార్య మీద ఫిర్యాదు కూడా చేశాడు. పరిశీలకుడు నీలకంఠరావు గారు పక్క కుర్చీలో కూర్చుని ముచ్చటపడి చూస్తున్నారు.

"పౌరునికీ అధికారికీ మధ్య ఇంతటి నిరాటంక అనుసంధానం నా సర్వీసులో ఎరుగను," అన్నారు.

ఉమాకాంతం గారికి ఊపిరాడటం లేదు గానీ, ఆ మాటతో నెత్తిన పాలు పోసినట్టయింది.

నూకరత్నం వంతు వచ్చేసరికి ఎండ ముదిరింది. ఆవిడ మాత్రం కుంభకర్ణుణ్ణి అడగలేదు. అడగవలసిన పేరే అడిగింది.

"బుల్లబ్బాయి."

దమయంతి మీటలు నొక్కింది. "బుల్లబ్బాయి అంటే వీరవెంకట సత్యనారాయణ. వీరవెంకట సత్యనారాయణ అంటే..." ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. "ఆ పేరు నిన్న తీసేశామండి. ఇంకా కొత్తది రాలేదు. లేని పేరు కాబట్టి నక్షత్రం. ఫిట్టరు గారి అడ్రసు, మేడ మీద కమిషనర్ గారి గది."

"ఆయ్, అంతే కదమ్మా? మరి గొలుసు తాళం తియ్యి. పేరు తేలింది కదా."

తేలింది కాబట్టి దమయంతి తాళం తీసింది. నూకరత్నం వాల్వు కీ చేత పట్టుకుని మెట్లెక్కింది. అది ఆవిడ ఎత్తు ఉంది. బల్ల మీద కూర్చున్న బుల్లబ్బాయి కూడా ఏం జరుగుతుందో చూద్దామని వెనకే వచ్చాడు.

"పదండి బాబూ. వాల్వు తిప్పాల," అంది ఆవిడ, కీ తెచ్చి బల్లకు ఆనిస్తూ.

"దానికి బుల్లబ్బాయి ఉన్నాడు కదమ్మా," అన్నారు ఉమాకాంతం గారు.

"మీరేనంటండి బుల్లబ్బాయి. కింద చెప్పారు."

"నేను బుల్లబ్బాయిని కాను."

నీలకంఠరావు గారు ముందుకు వంగి కలం మూత తీశారు. "అనగా, వ్యవస్థ పౌరురాలికి తప్పుడు చిరునామా ఇచ్చినదని తమరు ధ్రువీకరిస్తున్నారా?"

ఉమాకాంతం గారు పరిశీలకుడి వైపు చూశారు, కీ వైపు చూశారు, గోడకు అంటించిన తన సర్క్యులర్‌లోని ఎర్ర గీత వైపు చూశారు.

"వ్యవస్థ తప్పు చెప్పదు," అన్నారు.

"అనగా తమరు బుల్లబ్బాయి."

"సాంకేతికంగా."

"సాంకేతికమో మరోటో, పొద్దు పోతోందండి. పప్పు నానబెట్టుకోవాల," అంది నూకరత్నం.

ఆ విధంగా పొగడలంక ప్రధాన వీధిలో కమిషనర్ గారు ఇస్త్రీ చొక్కాతో, భుజాన వాల్వు కీతో నడిచారు. పక్కన కాగితాలతో పరిశీలకుడు, వెనక అసలు బుల్లబ్బాయి, వాడి వెనక టీ కొట్టు మొత్తం. దారిలో ఎవరో, "ఏటి బుల్లబ్బాయ్, ఎక్కడికి?" అంటే ఇద్దరూ తల తిప్పి చూశారు.

వాల్వు గుంత మూత తీశారు. ఉమాకాంతం గారు కీ దింపి, బలం కొద్దీ తిప్పారు. కదల్లేదు. ఇంకా గట్టిగా తిప్పారు. చొక్కా చంక దగ్గర పర్రుమంది. బుల్లబ్బాయికి చేతులు దురద పెడుతున్నాయి గానీ, పేరే లేనివాడు ఏం మాట్లాడతాడు?

"కుడి వైపు తిప్పితే ఇంకా బిగుసుకుంటాదండి," అంది నూకరత్నం, రుబ్బురోలు దగ్గర కొత్త కోడలికి చెప్పినంత ఓపికగా. "ఎడం పక్కకి. మెల్లిగా, పొత్రం తిప్పినట్టు."

ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకు గుంతలోంచి సర్రున నీళ్ళు చిమ్మి కమిషనర్ గారిని మొహం నుంచి బూట్ల దాకా తడిపేశాయి. వీధి పొడుగునా కట్టేయకుండా వదిలిన కుళాయిలన్నీ ఒక్కసారి గురగురమని, తుమ్మి, ధారలు కట్టాయి. బిందెలు చప్పుడయ్యాయి. ఎవరో ఈల వేశారు. ఉమాకాంతం గారు కళ్ళు తుడుచుకుని చుట్టూ చూశారు. ఉద్యోగంలో చేరాక ఆయన ఎన్నో పనులు చేశారు గానీ, చేసిన పని కళ్ళెదుట పనిచేయడం ఇదే మొదటిసారి. తెలియకుండానే నవ్వు వచ్చేసింది. చాలా మంచి నవ్వు. అలాంటిది ఆయన దగ్గర ఉందని ఆఫీసులో ఎవరికీ తెలియదు.

నూకరత్నానికి మనసు నిండిపోయింది. "చల్లగా ఉండు నాయనా," అనేసి, అన్నది కమిషనర్ గారినని గుర్తొచ్చి, నాలుక కరుచుకుని, లోపలికి పరుగెత్తింది. గంగాళాలు కుళాయి కింద పెట్టింది, పప్పు బస్తా విప్పింది, కూరలు తరిగేవాళ్ళకు కబురు పెట్టింది. హెడ్మాస్టరు గారి షష్టిపూర్తికి ఇక ఢోకా లేదు.

బయట నీలకంఠరావు గారు గొడుగు కింద నిలబడి రాసుకుంటున్నారు. "ఫిట్టరును కోరిన పౌరురాలి వద్దకు స్వయంగా కమిషనర్ హాజరు. రాష్ట్రమంతటా అమలుకు సిఫార్సు."

ఇంతలో పక్క సందు నుంచి ఒక ముసలావిడ ఖాళీ బిందెతో వచ్చింది. "బాబూ, మా సందులో కూడా రావట్లేదండి. మూణ్ణాళ్ళయింది."

ఉమాకాంతం గారు అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నారు. "కౌంటర్లో పేరు అడిగి వచ్చావా అమ్మా?"

"పేరెందుకండీ?" అంది ఆవిడ ఆశ్చర్యపోయి. "మీరిక్కడే ఉన్నారు కదా!"

ఉమాకాంతం గారు పరిశీలకుడి వైపు చూశారు. పరిశీలకుడు కాగితాల్లో వెతికారు. దీనికి ఏ రికార్డు వర్తిస్తుందో ఆయనకూ దొరకలేదు. కమిషనర్ గారు తడిసిన చేతులు ప్యాంటుకు తుడుచుకున్నారు, గుంతలోంచి కీ పైకి లాగి భుజాన వేసుకున్నారు.

"పదమ్మా," అన్నారు. "మీ సందు ఎటు పక్క?"